రుస్తుమె జమాన్ గామా పహిల్వాన్: జగజ్జెట్టి ఒక్కడే ఉండాలా?

టీవీలో కుస్తీలు చూసే మన పిల్లలను ప్రపంచ విజేత ఎవరని అడిగి చూడండి. ఒక్క పేరుతో సరిపెట్టరు. ఒక బెల్టు ఒకరిదనీ, ఇంకో బెల్టు ఇంకొకరిదనీ చెబుతారు. జగజ్జెట్టి అన్న మాటలోనే జగత్తుకంతటికీ ఒక్కడు అన్న అర్థం ఉంది కదా, ఇద్దరెలా ఉంటారని ఇంట్లో పెద్దవాళ్లు విస్తుపోతారు. కుస్తీని వృత్తిగా చేసుకున్నవాళ్ల మధ్య ఈ తగవు నూరేళ్లకు పైగా నలుగుతూనే ఉంది. ఒక్కడే ఉంటే ఆటకు మేలా, నలుగురుంటే మేలా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే గామా పహిల్వాన్ జీవితం తెలుసుకోవడం అవసరమని మా అభిప్రాయం. జగజ్జెట్టి బిరుదు వల్ల కలిగే మేలునూ, దానిలోని కిటుకునూ ఆయన రెంటినీ చూశారు.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. కాశ్మీరు నుంచి పంజాబుకు వచ్చి స్థిరపడిన పహిల్వాన్ల కుటుంబంలో 1878లో అమృత్‌సర్ ప్రాంతాన పుట్టారు. తండ్రి ముహమ్మద్ అజీజ్ బఖ్ష్ పేరున్న వస్తాదు. గామాకు ఆరేళ్లప్పుడు ఆయన కన్నుమూశారు. తల్లి తండ్రి నూన్ పహిల్వాన్ పిల్లవాణ్ణి చేరదీశారు. ఆయన కూడా పోయాక మేనమామ ఈదా పహిల్వాన్ ఆ భారం తీసుకున్నారు. తండ్రి ఆగిన చోటు నుంచి కొడుకు ముందుకు సాగాలన్నది ఆ ఇంటి పట్టుదల.

ఆ పేరు మొదటిసారి దేశంలో వినబడింది 1888లో. జోధ్‌పూర్ మహారాజు బలపరీక్ష పోటీ పెట్టారు. దేశం నలుమూలల నుంచి నాలుగు వందల మందికి పైగా పహిల్వాన్లు వచ్చారు. అలసిపోయేదాకా బైఠకులు తీయాలి. ఒక్కొక్కరే కూలబడుతుంటే చివరికి పదిహేను మంది మిగిలారు. వారిలో పదేళ్ల గామా ఉన్నాడు. ఆ వయసు చూసి మహారాజు అతనినే విజేతగా ప్రకటించారు. తర్వాత దతియా మహారాజు పిల్లవాణ్ణి తన ఆశ్రయంలోకి తీసుకున్నారు.

పెద్దయ్యాక ఆయన సాధన గురించి చెప్పుకునే లెక్కలు మనకు నమ్మశక్యంగా తోచవు. రోజుకు మూడు వేల దండ్‌లు, అయిదు వేల బైఠకులు, అఖాడాలో నలభై మంది తోటి పహిల్వాన్లతో పట్లు, ఆ పైన పాలు, బాదం, నెయ్యి. కొంత అభిమానుల చేర్పు ఉండవచ్చు. అయితే గామా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు మాత్రమే. ఆ ఎత్తువాడు తనకంటే అడుగు పైన ఉన్న మనిషితో గంటల తరబడి పెనుగులాడాడంటే సాధన మామూలుదై ఉండదు.

అప్పట్లో మన దేశంలో కుస్తీ విజేత ఎలా తేలేవాడో కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి సంస్థానంలోనూ దర్బారు పహిల్వాన్ ఒకడుండేవాడు. అతని తిండి, సాధన ఖర్చు రాజుదే. ఒక దర్బారు పహిల్వాన్‌ను ఇంకో దర్బారు పహిల్వాన్ సవాలు చేస్తే కాదనడం కష్టం. కాదంటే ఆ చిన్నతనం రాజు దాకా వెళుతుంది. కనుక దంగల్ జరగాల్సిందే, వేలాది జనం చూడాల్సిందే. ఇలా ఒక్కో సంస్థానం దాటుకుంటూ పోయి, ఎదురులేని వాడుగా మిగిలినవాడు రుస్తుమె హింద్. ఫిర్దౌసీ షానామాలోని వీరుడు రుస్తుం పేరు మీద వచ్చిన బిరుదు అది. దేశానికంతటికీ ఆ బిరుదు ఒక్కటే. అది ఒక్కటే అయినందువల్ల ఆటకు నష్టం రాలేదు, మేలే జరిగింది. ఎక్కడో మారుమూల అఖాడాలో మట్టి తొక్కే కుర్రవాడికి కూడా ఎవరిని ఓడిస్తే ఎక్కడికి చేరతాడో తెలిసేది. నిచ్చెన పొడుగైనదే కాని మెట్లు తెగలేదు.

గామా ఆ నిచ్చెన ఎక్కారు. దతియా, భోపాల్, ఇందోర్, ముల్తాన్ పహిల్వాన్లు ఒకరి తర్వాత ఒకరు ఓడారు. ఒక్క మనిషి మాత్రం మిగిలిపోయారు. గుజ్రాన్‌వాలాకు చెందిన రహీం బఖ్ష్ సుల్తానీవాలా. ఆయనా కాశ్మీరీ కుటుంబం వారే. ఎత్తు ఇంచుమించు ఏడడుగులు. గామా పదిహేడేళ్ల కుర్రవాడుగా 1895లో ఆయనను సవాలు చేశారు. పొట్టి కుర్రవాడు కాసేపట్లో మట్టి కరుస్తాడని జనం అనుకున్నారు. గంటలు గడిచినా ఎవరి వీపూ నేలకు తగలలేదు. కుస్తీ సమానంగా ముగిసింది. ఆ తర్వాత మళ్లీ తలపడినా తేలలేదు. 1910 నాటికి గామా దేశంలో తక్కిన పేరున్న వాళ్లందరినీ దాటేశారు గాని రహీం బఖ్ష్ లెక్క అలాగే ఉండిపోయింది.

అప్పుడే లండన్ పిలుపు వచ్చింది. శరత్ కుమార్ మిత్రా అనే బెంగాలీ ధనవంతుడు ఖర్చు పెట్టుకోగా, బెంజమిన్ అనే ఆంగ్లేయ ప్రమోటర్ వెంట తీసుకువెళ్లగా గామా, తమ్ముడు ఇమాం బఖ్ష్, మరికొందరు 1910లో ఇంగ్లండ్ చేరారు. అక్కడ పోటీలు జరుగుతున్నాయి. నిర్వాహకులు గామాను చూసి ఎత్తు చాలదన్నారు. ఆయన ఊరుకోకుండా పేపర్లలో సవాలు ప్రకటించారు. ఎంత బరువు వాళ్లయినా సరే, ముగ్గురిని అరగంటలో ఎత్తి పడేస్తానని దాని సారాంశం. చాలామంది ప్రచారం కోసం చేసిన ఆర్భాటమనుకున్నారు. చివరికి బెంజమిన్ రోలర్ ముందుకు వచ్చాడు. అమెరికావాడు, చదువుకున్న డాక్టరు, పేరున్న మల్లుడు. ఆగస్టులో జరిగిన ఆ పోటీలో గామా అతన్ని మొదటిసారి రెండు నిమిషాలలోపు, రెండోసారి పది నిమిషాలలోపు పడగొట్టారు. ఇమాం బఖ్ష్ స్విట్జర్లాండ్ మల్లుడు జాన్ లెమ్‌ను ఓడించి తన వంతు పేరు తెచ్చుకున్నారు.

ఇక స్టానిస్లాస్ జ్బిస్కో. పోలండ్ వాడు, బరువులో గామా కంటే చాలా ఎక్కువ. 1910 సెప్టెంబరు 10న లండన్ షెపర్డ్స్ బుష్ స్టేడియంలో ఇద్దరూ తలపడ్డారు. జాన్ బుల్ అనే వారపత్రిక పెట్టిన బెల్టు, 250 పౌన్ల బహుమతి గెలిచినవారివి. మొదట్లోనే గామా జ్బిస్కోను కిందికి లాగారు. అంతే, ఆ తర్వాత జ్బిస్కో లేవలేదు. చాపను కరుచుకుని బోర్లా పడుకున్నాడు. గామా ఎన్ని పట్లు పట్టినా ఆ భారీ శరీరం వెల్లకిలా తిరగలేదు. రెండున్నర గంటలకు పైగా ఇదే తంతు. చూసేవాళ్లకు విసుగు పుట్టింది. చీకటి పడబోతుండగా సమానమని తేల్చి, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. సెప్టెంబరు 17న గామా వచ్చారు. జ్బిస్కో రాలేదు. బెల్టు గామాకు దక్కింది. మన దేశంలో ఆయన రుస్తుమె జమాన్ అయ్యారు. ఆ కాలానికంతటికీ విజేత అని అర్థం.

జమాన్ ఒప్పుకుందా మరి? ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో తెల్లవాళ్ల లెక్కలో జగజ్జెట్టి వేరే మనిషి. ఎస్టోనియాలో పుట్టిన జార్జి హాకెన్‌స్మిత్ 1905లో న్యూయార్కులో టామ్ జెంకిన్స్‌ను ఓడించి ఆ బిరుదు పొందాడు. 1908లో షికాగోలో అమెరికన్ ఫ్రాంక్ గాచ్ అతనిని ఓడించి బిరుదు తీసుకున్నాడు. గామా ఇద్దరినీ సవాలు చేశారు. ఇద్దరూ తలపడలేదు. గాచ్ 1911లో హాకెన్‌స్మిత్‌ను మళ్లీ ఓడించి, 1913లో రిటైరయ్యాడు. 1917లో చనిపోయాడు. గామాతో లెక్క తేలకుండానే ఆ అధ్యాయం మూసుకుపోయింది.

గాచ్ అభిమానులు ఒక వాదన చేస్తారు. 1910 జూన్‌లో గాచ్ ఇదే జ్బిస్కోను షికాగోలో చిత్తు చేశాడు కదా, మూడు నెలల తర్వాత గామా చేయలేకపోయారు కదా, కనుక గాచే ఎక్కువ అంటారు. జూన్ పోటీలో మొదటి పట్టు ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. జ్బిస్కో మర్యాదకు చెయ్యి కలపబోతే గాచ్ అతని కాళ్లు పట్టి లాగి క్షణాల్లో పడగొట్టాడు. రెండో పట్టు మాత్రం సక్రమంగానే గెలిచాడు. ఇలా ఒకడిని అడ్డం పెట్టి ఇద్దరిని కొలవడం బేరసారాల్లో పనికొస్తుందేమో గాని కుస్తీలో పనికిరాదు. కొలతకు బరి ఒక్కటే ఉంది. గాచ్ గొప్ప మల్లుడే, అందులో సందేహం లేదు. బిరుదు ఒక్కటే అయినా దాన్ని పట్టుకున్నవాడు ఎవరితో తలపడాలో తానే నిర్ణయించుకునే వీలుంటే అది ప్రపంచ బిరుదు కాదు, సొంత ఆస్తి. బాక్సింగులో అదే కాలంలో ఏమైందో చూడండి. నల్లజాతి బాక్సరు జాక్ జాన్సన్ ప్రపంచ విజేత టామీ బర్న్స్ వెంట దేశదేశాలు తిరిగి, చివరికి 1908లో సిడ్నీలో తలపడి బిరుదు గెలిచాడు. గామాకు ఆ అదృష్టం పట్టలేదు.

ఇక్కడ గామా వైపు లోటు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఆయన అమెరికా వెళ్లలేదు. ఒకసారి స్వదేశానికి వచ్చాక తర్వాతి సవాళ్లన్నీ ఇక్కడి నుంచే. ఎవరైనా రావలసిందే గాని తాము పోలేదు. రాజుల ఆశ్రయం అలవాటు చేసిన పద్ధతి అది కావచ్చు.

లండన్ నుంచి రాగానే ఆయన చేసిన మొదటి పెద్ద పని మాకు అన్నిటికంటే నచ్చుతుంది. ప్రపంచ బెల్టు చేతిలో ఉంది, ఊరేగింపులతో కాలం గడపవచ్చు. కాని రహీం బఖ్ష్ ఇంకా ఉన్నారు. ఆయనతో లెక్క తేలకపోతే రుస్తుమె హింద్ అనిపించుకోవడం కుదరదు. లండన్ బెల్టు ఆ లెక్కలోకి రాదు. ఇద్దరూ అలహాబాదులో మళ్లీ తలపడ్డారు. చాలాసేపు జరిగిన ఆ కుస్తీలో గామా గెలిచారు, రుస్తుమె హింద్ అయ్యారు. తన జీవితంలో అందరికంటే గట్టి ప్రత్యర్థి ఎవరని తర్వాతి కాలంలో అడిగితే ఆయన రహీం బఖ్ష్ పేరే చెప్పేవారట. జ్బిస్కో పేరు కాదు, రోలర్ పేరు కాదు.

ఈలోగా అమెరికాలో ఆ ఒక్క బిరుదు ఏమైందో చూద్దాం. జ్బిస్కో అక్కడికి తిరిగి వెళ్లి 1921లో ఎడ్ లూయిస్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడు మళ్లీ లూయిస్‌కే పోగొట్టుకున్నాడు. అప్పటికే కుస్తీలు వ్యాపారుల చేతుల్లోకి వెళ్లాయి. ఎవరు గెలవాలో ముందుగా నిర్ణయించి, టికెట్లు అమ్ముకోవడం మొదలైంది. 1925 జనవరిలో వేన్ మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాణ్ణి విజేతగా నిలబెట్టారు. ఆకారం ఉంది, కుస్తీ అంతగా లేదు. ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో జ్బిస్కో అతనికి ఓడిపోవాలన్నది ఒప్పందం. జ్బిస్కో మాట తప్పాడు. నిజంగానే పట్టి పడేశాడు. పోటీ వ్యాపారులతో ముందే చేతులు కలిపాడు. వారాల్లోనే ఆ బిరుదు జో స్టెకర్ చేతికి వెళ్లింది. మొదటి వ్యాపారులు ఆ ఓటమిని లెక్కలోకి తీసుకోలేదు. తమ విజేత తమకు ఉన్నాడన్నారు. అలా ఒక్క బిరుదు రెండైంది. ఒక్కడే జగజ్జెట్టి ఉండాలన్న నియమం అక్కడ చెడింది మల్లులు ఎక్కువై కాదు, యజమానులు ఎక్కువై.

ఇంత చరిత్ర వెనకేసుకున్న జ్బిస్కో 1928 జనవరిలో పటియాలా వచ్చాడు. మహారాజా భూపిందర్ సింగ్ ఏర్పాట్లన్నీ చేయించారు. పద్దెనిమిదేళ్ల కిందటి పోటీ ఇప్పుడు తేలాలి. ఇద్దరికీ ఇంచుమించు యాభై ఏళ్లు. జనం వేల సంఖ్యలో తరలివచ్చారు. అందరూ గంటల తరబడి కూర్చోవడానికి సిద్ధపడి ఉంటారు. ఈసారి కింద చాప లేదు, మన మట్టి ఉంది. వెల్లకిలా పడితే చాలు, ఓటమే. గామా వచ్చారు, పట్టారు, పడేశారు. నిమిషం కూడా పట్టలేదు. సెకన్ల లెక్క తలా ఒకటి చెబుతారు గాని నిమిషం దాటలేదన్నది అందరూ ఒప్పుకునే మాట. మహారాజు వెండి గద బహూకరించారు. మరుసటి ఏడు జెస్సీ పీటర్సన్ కూడా గామా చేతిలో ఓడాడు. అతనికి పట్టిన సమయం నిమిషంన్నర.

పటియాలా కుస్తీ జరిగిన మూడు వారాలకు, 1928 ఫిబ్రవరి 20న, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్టెకర్, లూయిస్ తలపడ్డారు. చీలిన రెండు బిరుదులు ఒక్కటయ్యాయి. జగజ్జెట్టి మళ్లీ ఒక్కడయ్యాడని అక్కడివాళ్లు సంతోషించారు. అదే బిరుదును రెండుసార్లు ధరించిన మనిషిని నిమిషంలో పడేసినవాడు పటియాలాలో ఉన్నాడన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. ఆ ఏకత్వం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1930లలో అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి, ఒక్కో వ్యాపారికి ఒక్కో ప్రపంచ విజేత కనిపించారు.

న్యాయంగా చూస్తే ఒక్క విజేత పద్ధతి ఆ వృత్తికి నిజంగా అన్నం పెట్టిన కాలమూ ఉంది. 1948లో వాటర్లూ అనే ఊళ్లో కొందరు వ్యాపారులు నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టారు. మరుసటి ఏడు నుంచి లూ థెజ్ వారి విజేత. 1952లో లాస్ ఏంజెలిస్‌లో బారన్ లియోన్‌ను కూడా ఓడించి దాదాపు అందరూ ఒప్పుకునే జగజ్జెట్టి అయ్యాడు. ఫలితాలు ముందే నిర్ణయించినవే అయినా థెజ్‌కు అసలు కుస్తీ బాగా వచ్చు. ఎవరైనా మాట తప్పి నిజంగా పట్టినా నిలబడగలడు. ఆ విజేత ఒక చోట కూర్చునేవాడు కాదు. ఊరూరా తిరిగి ఆ ఊరి మేటి మల్లుడితో తలపడేవాడు. చిన్న ఊరి ఆటగాడికి ఏడాదిలో ఒక్క రాత్రయినా ప్రపంచ బిరుదు ముందు నిలబడే గౌరవం దక్కేది. ఆ రాత్రి హాలు నిండేది. మన సంస్థానాల దంగల్‌ పద్ధతి అక్కడ వ్యాపారం వేషంలో మళ్లీ కనిపించిందనిపిస్తుంది. అయితే ఆ కూటమి ప్రాంతాలను పంచుకుని బయటివాళ్లను అడ్డుకుంటోందని ప్రభుత్వం కేసు పెట్టింది. 1956లో ఆ పద్ధతులు మానుకుంటామని వాళ్లు కోర్టులో రాసి ఇవ్వవలసి వచ్చింది.

ఇటీవలి సంగతి పిల్లలకే మనకంటే బాగా తెలుసు. 2001 డిసెంబరులో క్రిస్ జెరికో ఒకే రాత్రి ఇద్దరిని ఓడించి రెండు బిరుదులను ఒకటి చేశాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ రెండు చేశారు. 2013లో ఇంకోసారి కలిపారు. తర్వాతా ఇదే వరస. 2023 మే నెలలో సౌదీ అరేబియాలోని జిద్దాలో సెత్ రోలిన్స్ కొత్తగా పెట్టిన ప్రపంచ బిరుదు గెలిచాడు. ఒకడి చేతిలోనే బిరుదు ఏళ్ల తరబడి ఉండి, అతను అరుదుగా మాత్రమే కనిపిస్తుంటే తక్కినవాళ్లకు పని ఉండదన్నది దానికి చెప్పిన కారణాలలో ఒకటి. కారణం సబబే. కాని దానికి మందు ఇంకో బెల్టు చేయించడమా, ఉన్న బెల్టు పెట్టుకున్నవాణ్ణి బరిలోకి రమ్మనడమా? రెండోదే సరైనదని మేమనుకుంటాం.

గామా జీవితంలో చివరి భాగం తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. పీటర్సన్ తర్వాత చెప్పుకోదగ్గ ప్రత్యర్థి ఆయన ముందుకు రాలేదు. ఓటమి ఎరగని బిరుదు అలాగే ఉండిపోయింది. 1947లో దేశం రెండైంది. ఆయన లాహోరులో స్థిరపడ్డారు. ఆ గొడవల్లో తమ వీధి హిందూ కుటుంబాలకు అడ్డంగా నిలబడి కాపాడారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. సంస్థానాలు పోయాయి, వాటితో పాటు పోషణా పోయింది. కొడుకులు చిన్న వయసులోనే పోయారు. వృద్ధాప్యంలో ఆస్తమా, గుండె జబ్బు పట్టుకున్నాయి. వైద్యానికి డబ్బు కరువైన రోజుల్లో సరిహద్దు ఇవతలి నుంచి పారిశ్రామికవేత్త ఘనశ్యామదాస్ బిర్లా సాయం పంపారు. పాకిస్తాన్ ప్రభుత్వమూ కొంత ఆదుకుంది. 1960 మే 23న లాహోరులో గామా కన్నుమూశారు. పాకిస్తాన్ మాజీ ప్రధాని నవాజ్ షరీఫ్ భార్య, 2018లో చనిపోయిన కుల్సుం నవాజ్ ఆయన కూతురి కూతురే.

కుస్తీ వారసత్వం ఇమాం బఖ్ష్ కొడుకులకు వచ్చింది. భోలూ సోదరులని వారికి పేరు. అందులో అక్రం 1976లో జపాన్ వృత్తి మల్లుడు ఆంటోనియో ఇనోకీని సవాలు చేశారు. ఇనోకీ ఆ ఏడు జూన్‌లోనే టోక్యోలో ముహమ్మద్ అలీతో తలపడి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. సవాలును తప్పించుకోవాలనుకుంటే సాకులకు కొదవ లేదు. తప్పించుకోలేదు, డిసెంబరులో కరాచీ వచ్చాడు. ఒప్పందపు ఆట కాస్తా నిజమైన పోరాటమైంది. అక్రం చెయ్యి దెబ్బతిని ఓడిపోయారు. గామా ఇంటి పేరుకు అంతకంటే పెద్ద దెబ్బ లేదని ఊరంతా కుమిలిపోయింది. ఆ ఇంటి కుర్రవాడు, ఇమాం బఖ్ష్ మనవడు ఝారా సాధన మొదలుపెట్టాడు. 1979 జూన్‌లో ఇనోకీ మళ్లీ వచ్చాడు, ఈసారి లాహోరుకు. అయిదు రౌండ్లు అయ్యాక ఆ పందొమ్మిదేళ్ల కుర్రవాడి చెయ్యి పట్టుకుని జనానికి చూపిస్తూ పైకెత్తినవాడు ఇనోకీయే.